‘కొరాబరేట్’ అనే ఇంగ్లిష్ క్రియ: వేరు నుంచి వాడుక దాకా, విశాఖ ఉదాహరణలతో సమగ్ర మార్గదర్శి

ఇరవై ఏళ్ల కిందటి మాట. విశాఖలో ఒక పత్రిక డెస్కులో కొత్తగా చేరాను. రాత్రి పదిన్నరకు ఏజెన్సీ వార్త ఒకటి వచ్చింది. ఒక మహిళ ఇచ్చిన ఫిర్యాదు గురించి. ‘ఫోన్ రికార్డులు ఆమె వాంగ్మూలాన్ని కొరాబరేట్ చేస్తున్నాయి’ అని అందులో ఒక వాక్యం. పేజీ వదలాల్సిన టైం దగ్గర పడింది, ఒకటే టెన్షన్. ‘ఫోన్ రికార్డుల విషయంలో ఆమె సహకరిస్తోంది’ అని రాసి పంపేసి, టీ తాగడానికి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఒక ప్లీడరుగారు ఆఫీసుకు ఫోన్ చేశారు. “ఏం బాబూ, ఆవిడ ఫిర్యాదు చేసిన మనిషి. రికార్డులు ఆవిడ మాటకు బలంగా నిలబడుతున్నాయని వార్త. మీరేమో ఆవిడే నిందితురాలై పోలీసులకు సహకరిస్తున్నట్టు రాశారు” అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

అప్పటి నుంచి ఈ మాటను వదల్లేదు. కొత్తగా డెస్కులో చేరే పిల్లలకు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు, కోర్టు కాగితాలు తెలుగు చేసేవాళ్లకు నేను దీన్ని ఎలా నేర్పుతానో ఆ వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మొదటి అడుగు: చెవితో, కంటితో విడదీయండి

నేను చేసిన తప్పు చాలామంది చేసేదే. ‘కొరాబరేట్’ను ‘కొలాబరేట్’గా చదివాను. ఒకదానిలో ‘ర’, మరోదానిలో ‘ల’. పిల్లలు నోరు తిరగక ‘రాము’ను ‘లాము’ అన్నట్టు ఇక్కడ కన్ను తడబడుతుంది. కొలాబరేట్ అంటే కలిసి పనిచేయడం. దాని లోపల ఉన్నది ‘లేబర్’, అంటే శ్రమ. కొరాబరేట్ లోపల శ్రమ లేదు, ఇంకేదో ఉంది. అది మూడో అడుగులో చూద్దాం.

పలికేటప్పుడు బరువు రెండో అక్షరం మీద పడాలి: కొ-రా-బరేట్. మనం మొదటి అక్షరాన్ని నొక్కి, మిగతాది మింగేస్తుంటాం. స్పెల్లింగ్ ఇది: సి, ఓ, ఆర్, ఆర్, ఓ, బి, ఓ, ఆర్, ఏ, టి, ఈ. మూడు ఓలు, మూడు ఆర్‌లు. ఆర్‌లలో మొదటి రెండూ జంటగా వస్తాయి, మూడోది విడిగా. ఆ జంట ఎందుకో తెలిస్తే స్పెల్లింగ్ ఇక తప్పదు.

రెండో అడుగు: సంధి విప్పండి

ఇది లాటిన్ మాట. లాటిన్‌లో ‘కోం’ అనే ఉపసర్గ ఉంది. ‘కలిసి’ అని ఒక అర్థం, ‘పూర్తిగా, గట్టిగా’ అని ఇంకో అర్థం. మన ‘సం’ లాంటిదే అనుకోండి. సంగమంలో ‘కలిసి’, సంపూర్ణంలో ‘బాగా’.

పోలిక అక్కడితో ఆగదు. ‘సం’ పక్కన ‘లాపం’ వస్తే మనం సల్లాపం అంటాం. మకారం పోయి పక్కన ఉన్న లకారమే రెండైంది. లాటిన్‌లోనూ అంతే. ‘కోం’ పక్కన ‘లబొరారే’ వస్తే ‘కొల్లబొరారే’. ‘కోం’ పక్కన ‘రోబొరారే’ వస్తే ‘కొర్రోబొరారే’. ఒకచోట ఎల్ రెట్టించింది, ఇంకోచోట ఆర్ రెట్టించింది. కొలాబరేట్‌లో రెండు ఎల్‌లు, కొరాబరేట్‌లో రెండు ఆర్‌లు ఉండటానికి కారణం ఇదే. బళ్లో సంధులు బట్టీ పట్టినందుకు నాకు జీవితంలో పనికొచ్చిన ఒకే ఒక్క సందర్భం ఇది.

ఇక్కడ ఉపసర్గకు ‘గట్టిగా’ అన్న అర్థమే పని చేస్తోంది. ‘రోబొరారే’ అంటే బలం ఇవ్వడం. మొత్తం కలిపితే ‘బాగా బలపరచడం’.

మూడో అడుగు: చేవ దగ్గరికి వెళ్లండి

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడే ఉంది.

‘రోబొరారే’ వచ్చింది ‘రోబుర్’ నుంచి. లాటిన్‌లో ఆ మాటకు బలం అని అర్థం. గట్టి కలప అని కూడా అర్థం. ఒక రకం ఓక్ చెట్టుకూ అదే పేరు. యూరప్‌లో పెరిగే ఓక్ జాతికి వృక్షశాస్త్రంలో ఇప్పటికీ ‘క్వెర్కస్ రోబుర్’ అనే పేరుంది. చెట్టు ఒకటి, బలం ఒకటి. రెంటికీ ఒకే మాట ఎలా కుదిరిందని చాలా కాలం నాకు వింతగా ఉండేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. ఊళ్లో చెట్లు పడిపోయినట్టే మా ఇంటి వీధి తలుపు ద్వారబంధం కూడా పోయింది. కొత్తది చేయించడానికి వడ్రంగిని వెంటబెట్టుకుని కలప అడితికి వెళ్లాను. టేకు ధర అడిగి పక్కకు తప్పుకున్నాను. ఆయన ఒక దుంగను కోయించి, కోత ముఖాన్ని అరచేత్తో తుడిచి చూపించాడు. “ఇది సూడండి బాబూ, నడిమిన ఎర్రగా ఉన్నాదే, అదే సేవ. సుట్టూ తెల్లగా ఉన్నాదే, దాన్ని సెదలు తినెత్తాది. గుమ్మానికి సేవే పెట్టాల” అన్నాడు.

ఆయన ‘సేవ’ అన్నది చేవ. కర్ర నడిమి గట్టి భాగం చేవ. మనిషిలోని దమ్ముకూ చేవ అనే అంటాం. ‘చేవ చచ్చిన మనిషి’, ‘చేవ ఉంటే రా’, ‘చేవదేరిన వయసు’. చెట్టు నడిమి భాగానికీ మనిషి బలానికీ ఒకే మాట ఉండటం వింతేమీ కాదని, అది నా నోట్లోనే ఎప్పుడూ ఉందని ఆ అడితిలో నిలబడి తెలుసుకున్నాను. లాటిన్ వాడికి రోబుర్, మనకి చేవ. రెండు మాటలకూ చుట్టరికం లేదు. కర్ర కోసిన ఇద్దరు మనుషులు ఒకే దాన్ని చూసి ఒకే తీరుగా ఆలోచించారు, అంతే.

ఎరుపు సంగతి కూడా ఉంది. రోబుర్ అనే పేరు ఆ కలప నడుమ ఉండే ఎరుపు రంగు వల్ల వచ్చిందని, లాటిన్‌లో ఎరుపును చెప్పే ‘రుబెర్’తో దానికి సంబంధం ఉందని పదాల పుట్టుక వెతికే పండితులు చెబుతారు. అదే పాత ధాతువు నుంచి ఇంగ్లిష్‌లో ‘రెడ్’, సంస్కృతంలో ‘రుధిర’ పుట్టాయి. రుధిరం మనింటి మాటే. అంటే కొరాబరేట్‌కు చేవతో చుట్టరికం లేకపోయినా రుధిరంతో ఉందన్నమాట. మా వడ్రంగి వేలు పెట్టి చూపించిన ఎరుపు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

ఈ రోబుర్ కుటుంబంలో మీకు బాగా తెలిసిన ఇంకో మాట ఉంది, ‘రోబస్ట్’. దాని నుంచే రోబస్టా కాఫీ పేరు. తట్టుకుని నిలబడే మొండి మొక్క కాబట్టి ఆ పేరు నప్పింది. మన అరకులో ఎక్కువగా పండేది అరబికా, ఆ పేరుకు ఈ కుటుంబంతో పని లేదు.

కాగితం మీద ఇప్పుడు ఒక ముక్క రాసుకోండి: కొరాబరేట్ = చేవ పెట్టడం. నిఘంటువులో ఈ అర్థం దొరకదు. కానీ దీన్ని మనసులో ఉంచుకుంటే మిగతా అడుగులన్నీ తేలికవుతాయి.

నాలుగో అడుగు: అర్థం ఎలా నడిచిందో చూడండి

ఇంగ్లిష్‌లోకి ఈ క్రియ 16వ శతాబ్దం తొలి సగంలో వచ్చింది. అప్పట్లో సాక్ష్యం ఒక్కటే దాని సొంతం కాదు. ఒంటికి బలం ఇచ్చేదాన్నీ కొరాబరేట్ చేసేదనేవారు. ‘కొరాబరెంట్’ అంటే టానిక్కు, మన భాషలో బలవర్ధక ఔషధం. ఇంగ్లిష్ రచయిత ఫ్రాన్సిస్ బేకన్ అలవాటు గురించి రాసిన వ్యాసంలో, అలవాటు వల్ల గట్టిపడనిదే మనిషి స్వభావాన్నీ మాటల్నీ నమ్మలేమనే చోట ఈ మాట వాడాడు. అక్కడ సాక్షీ లేడు, కోర్టూ లేదు. గట్టిపడటం ఒక్కటే ఉంది.

తర్వాత ఒంటి బలం, స్వభావ బలం అన్న అర్థాలు వాడుకలోంచి జారిపోయాయి. ఒక మాటకు, వాదనకు, వాంగ్మూలానికి వేరే ఆధారంతో బలం ఇవ్వడం అన్న అర్థం ఒక్కటీ మిగిలింది. హిందీ వార్తలు వినేవాళ్లు గమనించే ఉంటారు, ‘పుష్టి’ అనే మాటను అక్కడ ఈ పనికే వాడతారు. మనకు పుష్టి అంటే ఇంకా ఒంటి పుష్టే. ఇంగ్లిష్ మాట వదిలి వచ్చిన పాత ఇంట్లో మన పుష్టి ఇంకా కాపురం ఉంటోంది.

ఐదో అడుగు: తెలుగు మాట ఎంచుకోండి

డెస్కులో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడ. నా అభిప్రాయం సూటిగా చెబుతాను.

‘బలపరచు’, ‘బలం చేకూర్చు’ అన్నవే మొదటి వరస. మూలానికి ఇంత దగ్గరి మాటలు మన భాషలో సిద్ధంగా ఉంటే వేరేవి వెతకడం దండగ. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. సభల్లో ఒకరు తీర్మానం ప్రతిపాదిస్తే ఇంకొకరు ‘బలపరిచారు’ అంటాం. అక్కడ ఆధారంతో పని లేదు, మద్దతు ఉంటే చాలు. కాబట్టి రాజకీయ వార్తలో ‘ఎమ్మెల్యే మాటలను కార్యకర్తలు బలపరిచారు’ అని రాస్తే చప్పట్లు కొట్టారని అర్థం చేసుకుంటారు. అలాంటి చోట ‘బలం చేకూర్చే ఆధారాలు చూపారు’ అని విడమరచండి.

‘ఊతమిచ్చు’ కూడా బాగుంటుంది. ‘అనుమానానికి ఊతమిస్తోంది’ అన్నది వార్తల్లో స్థిరపడిపోయింది. ‘సమర్థించు’ దగ్గర నేను వెనకడుగు వేస్తాను. తప్పును వెనకేసుకు రావడానికీ అదే మాట వాడతాం కదా.

‘ధ్రువీకరించు’, ‘నిర్ధారించు’ ఎక్కువ బరువు మోస్తాయి. ధ్రువం అంటే కదలనిది. కొరాబరేట్ చేసిన మాట ఇంకా కదలవచ్చు, ముందుకన్నా గట్టిగా ఉందంతే. ‘రుజువు చేయు’ అయితే పూర్తిగా తప్పు. గుమ్మానికి చేవ కర్ర పెట్టినంత మాత్రాన ఇల్లు కట్టేసినట్టు కాదుగా!

ఒక్కోసారి క్రియే అక్కర్లేదు. ‘ఆమె చెప్పిన టైమూ, టోల్‌గేటు రసీదులోని టైమూ సరిపోయాయి’ అంటే చదివేవాడికి అంతా తెలిసిపోతుంది.

వ్యతిరేక రూపం ‘అన్‌కొరాబరేటెడ్’. దీన్ని ‘నిరాధార’ అని రాసేవాళ్లను చూశాను, అది అన్యాయం. ఒక మనిషి కళ్లారా చూసి చెప్పింది నిరాధారం ఎలా అవుతుంది? ఆ మాటే ఒక ఆధారం. దానికి తోడుగా రెండోది ఇంకా దొరకలేదు. ‘వేరే ఆధారం ఇంకా దొరకని’ అని రాయండి. పొడవుగా ఉంటుంది, కానీ ఎవరి పరువూ పోదు.

ఆరో అడుగు: మూడు ప్రశ్నలతో పరీక్షించండి

మాట తెలిసినా, ఎక్కడ వాడవచ్చో తెలియకపోతే లాభం లేదు. ఒక విషయం ఇంకొకదాన్ని కొరాబరేట్ చేసిందని అనుకున్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ముందే ఒక మాట ఉందా? రెండోది వేరే చోటు నుంచి వచ్చిందా? అది సరిగ్గా ఆ మాటకే తగులుతోందా, పక్కదానికా?

మొదటి ప్రశ్న తేలిక. బలపరచడానికి ముందు ఒక మాటంటూ ఉండాలి. పొద్దున్నే వంజరం అమ్మే ఆవిడ “రాత్రి వేట బాగా పడింది బాబూ” అంటుంది. ఇదీ మొదటి మాట. కాసేపటికి పూర్ణా మార్కెట్‌లో ఇంకొకరి దగ్గర అదే చేప ధర నిన్నటికన్నా బాగా తగ్గి కనిపిస్తే, ఆ ధర ఆవిడ మాటను కొరాబరేట్ చేసింది. ఆవిడ ఏమీ అనకుండా ధర ఒక్కటే తగ్గితే అక్కడ కొరాబరేట్‌కు పని లేదు, అది ఊహకు దారి మాత్రమే. ఇదే మాట మే నెలలో అంటే జాగ్రత్త. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. అయితే ఇంజిన్ లేని తెప్పలకు ఆ నిషేధం వర్తించదు కాబట్టి ఆవిడ మాట అబద్ధమని కూడా తీర్మానించలేం.

రెండో ప్రశ్న దగ్గరే అందరం బోల్తా పడతాం. రుషికొండ దగ్గర ఏదో జరిగిందని ఒకే వాట్సాప్ మెసేజ్ పన్నెండు గ్రూపుల్లో వస్తే పన్నెండు ఆధారాలు ఉన్నట్టు కాదు. ఒకే కుండలో కూర పన్నెండు గిన్నెల్లోకి వడ్డించారు. ‘ఊళ్లో అందరూ అంటున్నారు’ అన్నదీ ఇలాంటిదే. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెతను డెస్కులో నేను నిషేధించాను. పొగలా కనిపించేది మంచు కూడా కావచ్చు. శీతాకాలంలో తెల్లవారుజామున ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లెవరిని అడిగినా చెబుతారు.

మన కొండ మీదే ఒక మంచి ఉదాహరణ ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఒరియా రాజు గజపతి మీద దండెత్తి వచ్చి సింహాచలం దర్శించాడని, 1516లో స్వామికి నగలు సమర్పించాడని గుడిలోని శాసనం చెబుతుంది. రాయల ఆస్థాన కవిత్వంలోనూ ఈ దండయాత్ర పొగడ్త ఉంది. శాసనం కవిత్వాన్ని కొరాబరేట్ చేసిందనడం తేలికే. కానీ ఒక్క క్షణం ఆగండి. శాసనం వేయించింది రాయలు. కవులు రాయల కొలువువారు. రెండు మాటలూ ఒకే కొలువు నుంచి వచ్చాయి. ఎప్పుడో ఎవరో ఊహించి రాసింది కాదని, అప్పటికప్పుడు రాతి మీద చెక్కినదని శాసనానికి ఎక్కువ విలువ ఇవ్వాలి, నిజమే. అయినా బయటి గొంతు ఒకటి ఉంటే బాగుంటుంది. అదీ ఉంది. పోర్చుగీసువాడు నూనిజ్ తర్వాతి కాలంలో రాసిన వృత్తాంతంలో ఒరియా రాజుతో రాయలు చేసిన యుద్ధం కథ వస్తుంది. ఆయనకు రాయల్ని పొగడాల్సిన ఉద్యోగం లేదు. దండయాత్ర వరకు చూస్తే చేవ ఆ పోర్చుగీసు రాతలోనే ఎక్కువ.

ఇక మూడో ప్రశ్న. భీమిలి దారిలో తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉండటం వల్ల ఆ పేరు. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే బౌద్ధ విహారంతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. రోబుర్ అనే మాటను రోజూ పలికిన మనుషుల నాణేలు మన బీచ్ రోడ్డు పక్క కొండ మీద దొరకడం నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిచే సంగతే. కోస్తాంధ్ర తీరాన్ని ‘మసాలియా’ అని, అక్కడ సన్నని నూలు బట్టలు తయారవుతాయని మొదటి శతాబ్దపు గ్రీకు వర్తకుడి నౌకాయాన గ్రంథం ‘పెరిప్లస్’ చెబుతుంది. పాశ్చాత్య దేశాలతో ఈ తీరానికి వ్యాపారం ఉందన్న మాటకు తొట్లకొండ నాణేలు బలం చేకూరుస్తాయి. అంతవరకే. రోమన్లు స్వయంగా కొండెక్కి వచ్చారని మాత్రం అవి చెప్పవు. నాణెం చేతులు మారుతూ వస్తుంది, యజమానిని వెంటబెట్టుకుని రాదు.

ఇంకో ఉదాహరణ నీళ్లలో ఉంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడి వల్లే మునిగిందని మన నౌకాదళం కథనం. ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు వల్లే మునిగిందని పాకిస్తాన్ కథనం. దాని శిథిలం సముద్రం అడుగున ఇప్పటికీ ఉంది. ఇప్పుడు కాగితం మీద రాయండి: ఆ శిథిలం దేన్ని కొరాబరేట్ చేస్తోంది? ఘాజీ విశాఖ దాకా వచ్చిందన్న మాటను, ఇక్కడే మునిగిందన్న మాటను. ఎలా మునిగిందన్న దానికి అది అక్కడ పడి ఉండటం ఒక్కటే చాలదు. బీచ్ రోడ్డులోని విజయ స్మారకం దగ్గర కూర్చుని ఈ ప్రశ్న అడిగితే కొత్తగా చేరిన పిల్లల్లో చాలామంది తడబడతారు. దేశం మీద ప్రేమ వల్ల తడబడేవాళ్లే ఎక్కువ, దానికి నేనేమీ అనను. కానీ వాక్యం రాసేటప్పుడు ఏ ఆధారం ఏ మాటకు తగులుతోందో చూసుకోవాల్సిందే.

ఏడో అడుగు: ఇరుగుపొరుగు మాటలు

వెరిఫై అంటే మనమే వెళ్లి సరిచూడటం. లాటిన్ ‘వేరుస్’ అంటే నిజం. కన్ఫర్మ్‌లో ఉన్నది ‘ఫిర్ముస్’, గట్టిది. అనుమానం తీరిపోయినప్పుడు వాడే మాట. ట్రైన్ టికెట్ కన్ఫర్మ్ అవుతుంది, కొరాబరేట్ అవ్వదు. సబ్‌స్టాన్షియేట్ అంటే మన వాదనకు మనమే సరుకు చూపించడం.

అటెస్ట్ మాత్రం ముచ్చటైనది. గెజిటెడ్ సంతకం కోసం కాళ్లరిగేలా తిరిగినవాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. దాని లోపల ఉన్నది ‘టెస్టిస్’, అంటే సాక్షి. ఇద్దరి వ్యవహారంలో పక్కన నిలబడ్డ మూడోవాడు అని దాని పాత అర్థం. మన సాక్షి కంటితో పుట్టాడు: ‘అక్షి’ ఉన్నవాడు, కళ్లారా చూసినవాడు. రోము వాడికి సాక్షి నిలబడితే చాలు, మనవాడు చూసి కూడా ఉండాలి.

ఎనిమిదో అడుగు: కోర్టు భాషలో వినండి

ఈ మాట మన దేశంలో ఎక్కువ బరువు మోసేది కోర్టులో. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది పదేపదే వస్తుంది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది.

తోడుదొంగ సాక్ష్యం సంగతి చూడండి. దొంగతనంలో పాలుపంచుకున్నవాడే అప్రూవర్‌గా మారి మిగతావాళ్ల పేర్లు చెబుతాడు. పాత చట్టం 133వ సెక్షన్ ప్రకారం అతని ‘అన్‌కొరాబరేటెడ్’ సాక్ష్యం మీద శిక్ష వేసినా అది చట్టవిరుద్ధం కాదు. అదే చట్టం 114వ సెక్షన్‌లోని ఉదాహరణ మాత్రం ముఖ్య విషయాల్లో వేరే ఆధారం తోడు రాకపోతే తోడుదొంగను నమ్మదగనివాడిగా కోర్టు భావించవచ్చంటుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం. కొత్త చట్టం 138వ సెక్షన్‌లో ఆ ‘అన్’ ఎగిరిపోయింది. ‘కొరాబరేటెడ్’ సాక్ష్యం మీద వేసిన శిక్ష చట్టవిరుద్ధం కాదని ఉంది. ఒక్క ఉపసర్గ ఊడితే వాక్యం ఎటు తిరిగిందో చూశారుగా. అనువాదం చేసేవాళ్లు ఏ చట్టం ముందు పెట్టుకున్నారో చూసుకోకపోతే ఇక్కడ కొంప మునుగుతుంది.

సాక్షులు ఇంతమంది ఉండాలని మాత్రం చట్టం లెక్క పెట్టలేదు. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు సాక్షులను మూడు రకాలుగా చూసింది: పూర్తిగా నమ్మదగినవాడు, పూర్తిగా నమ్మదగనివాడు, రెండూ కాని నడిమివాడు. మొదటివాడు ఒక్కడైనా చాలు. రెండోవాడికి ఎంత చేవ పెట్టినా చెదలు తిన్న కర్రే. మూడోవాడి విషయంలోనే కోర్టు కొరాబరేషన్ కోసం చూస్తుంది. ఈ మాట అవసరమయ్యే చోటు అసలు ఇదే, నమ్మకానికీ అపనమ్మకానికీ నడుమ.

మరణ వాంగ్మూలానికి వేరే ఆధారం తప్పనిసరి అన్న నియమం లేదని 1957లోనే ఖుషాల్ రావు కేసులో అదే కోర్టు చెప్పింది. అది నమ్మదగినదని తేలితే దాని మీదే శిక్ష నిలబడుతుంది.

నా రెండో ప్రశ్నకు చట్టంలో ఒక మినహాయింపు లాంటిది ఉంది, దాచను. ఒక సాక్షి ఇప్పుడు చెబుతున్నదాన్ని, ఘటన జరిగిన సమయంలోనే అతను ఇంకొకరితో అన్న మాటతో కొరాబరేట్ చేయవచ్చు. పాత చట్టంలో 157, కొత్త దాంట్లో 160. మనిషి ఒకడే, చోటు వేరు కాదు. అయినా అప్పటికి కథ అల్లే తీరిక ఉండదు కాబట్టి ఆ సమయమే దానికి కాస్త బలం ఇస్తుంది. ప్లీడరుగారిని ఒకసారి దీని గురించి అడిగితే, “అది చేవ కాదు బాబూ, బెరడు. కానీ బెరడు చూసి చెట్టేదో చెప్పొచ్చు” అన్నారు. అవును, ఆ ఫోన్ చేసిన ప్లీడరుగారే. తర్వాత్తర్వాత మాకు స్నేహం కుదిరింది.

తొమ్మిదో అడుగు: చేసి చూడండి

కింది వాక్యాలను ముందు మీరు తెలుగు చేసి, తర్వాత నా వాక్యం చూడండి.

‘సీసీ కెమెరా దృశ్యాలు వాచ్‌మన్ మాటను కొరాబరేట్ చేస్తున్నాయి.’ నేనైతే: వాచ్‌మన్ చెప్పినదానికి సీసీ కెమెరా దృశ్యాలు బలం చేకూరుస్తున్నాయి.

‘ఇద్దరు పొరుగువాళ్లు అతని అలిబీని కొరాబరేట్ చేశారు.’ నేనైతే: ఆ సమయంలో అతను ఇంట్లోనే ఉన్నాడన్న మాటను ఇద్దరు పొరుగువాళ్లు బలపరిచారు. ‘రుజువు చేశారు’ అని రాసి ఉంటే కొట్టేయండి. ఆ పొరుగువాళ్లు అతని బావమరదులైతే రెండో ప్రశ్నకు తిరిగి వెళ్లండి.

‘అన్‌కొరాబరేటెడ్ రిపోర్టులు.’ వేరే ఆధారం ఇంకా దొరకని వార్తలు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. ‘ఆయన చెప్పింది నిజమేనని తేలింది’ అన్న తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ చేయాలి. కొరాబరేట్ వాడారా? వాడకూడదు. ‘తేలింది’ అంటే తగువు తీరిపోయింది. అక్కడ ప్రూవ్ గానీ కన్ఫర్మ్ గానీ కావాలి. అదే ‘ఆయన చెప్పినదాన్ని నమ్మడానికి ఇంకో ఆధారం దొరికింది’ అని ఉంటే, అప్పుడు మన మాట.

చివరిది నా పాత వాక్యం. ఆ రాత్రి నేను రాసింది: ఫోన్ రికార్డుల విషయంలో ఆమె సహకరిస్తోంది. రాయాల్సింది: ఫోన్ రికార్డులు ఆమె వాంగ్మూలాన్ని బలపరుస్తున్నాయి. రెండూ ఐదేసి మాటలే. కాలమ్‌లో జాగా చాలలేదని సాకు చెప్పడానికి కూడా లేదు.